అరవై వేల లెక్క: విటమిన్‌ డి అపోహలు – వాస్తవాలు

లాలాపేట్‌ పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అందరూ ఎన్‌ఐఎన్‌ అంటారు. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాద్‌ చేరింది. ఎవరికి ఏ పోషకం రోజుకు ఎంత కావాలో చెప్పే పట్టిక వెనకున్నది ఈ సంస్థే. 2020 పట్టిక ప్రకారం పెద్దవాళ్లకు విటమిన్‌ డి రోజుకు 600 యూనిట్లు. అక్కడికి నాలుగడుగుల దూరంలో ఏ మెడికల్‌ షాపులో అడిగినా చేతికొచ్చే చిన్న పొడి ప్యాకెట్‌లో 60,000 యూనిట్లు. అంటే ఒక్క ప్యాకెట్‌ నూరు రోజుల సరుకు. డి విటమిన్‌ గురించి జనంలో ఉన్న అపోహలు చాలావరకు ఈ లెక్క తెలియక పుట్టినవే.

అపోహ: విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది.

బి, సి విటమిన్ల సంగతి వేరు. డి కొవ్వులో కరుగుతుంది, ఒంట్లో నిల్వ ఉంటుంది. రక్తంలో చేరిన డి సగానికి దిగడానికే రెండు మూడు వారాలు పడుతుంది. మితిమీరితే పేగులు తిండిలోంచి కాల్షియాన్ని అవసరానికి మించి లాగుతాయి, ఎముకల్లోంచి కూడా బయటికొస్తుంది. అలా కాల్షియం రక్తంలో పెరిగితే వాంతులు, మలబద్ధకం, ఆరని దాహం, మాటిమాటికీ మూత్రం, మనిషి తికమకపడటం. ముదిరితే కిడ్నీలు దెబ్బతింటాయి. పెద్ద వయసువాళ్లలో ఇవి కనిపిస్తే గ్యాస్‌ అనుకుంటారు, షుగరేమో అనుకుంటారు. పొడి ప్యాకెట్‌ మీదికి అనుమానం పోదు.

అపోహ: వారానికొకటి మంచిదైతే రోజుకొకటి ఇంకా మంచిది.

డాక్టరు చీటీలో ‘వారానికి ఒకటి, ఎనిమిది వారాలు’ అని ఉన్నా రోజుకొకటి తాగేయడం తేలికే. మనకు మందంటే రోజూ వేసుకునేదే మరి. అలా ఏడు రోజులు తాగితే 4,20,000 యూనిట్లు, పై పట్టిక ప్రకారం దాదాపు రెండేళ్లకు సరిపడేవి. అందుకే వారంలో ఫలానా రోజు అని ఖాయం చేసుకుని క్యాలెండర్‌ మీద గుర్తు పెట్టుకోవాలి. తిన్నాక, అదీ కాస్త నూనో నెయ్యో ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. మర్చిపోతే గుర్తొచ్చిన రోజు ఒక్కటే, రెండు కలపొద్దు. కోర్సు అయిపోయాక పాత చీటీ చూపించి ఇంకో నాలుగు తెచ్చుకోవడం మన దగ్గర మామూలైపోయింది. నాకు అస్సలు నచ్చని అలవాటు ఇది. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన డబ్బాలో గోలీకి 5,000 యూనిట్లు ఉంటే, అది రోజూ మింగుతూ వారానికో పొడి ప్యాకెట్‌ కూడా తాగేవాళ్లకు వారానికి 95,000 అవుతుంది. ఆ డబ్బా సంగతి డాక్టరుకు చెప్పేవాళ్లు తక్కువ.

అపోహ: డి గోలీలన్నీ ఒకటే, ఏది దొరికితే అది వేసుకోవచ్చు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇదే. పొడి ప్యాకెట్‌లో ఉండేది కోలెకాల్సిఫెరాల్‌. అది కాలేయంలో ఒకసారి, కిడ్నీలో ఇంకోసారి మారితేగాని పనిచేయదు. కిడ్నీ ఆ రెండో మార్పును ఒంటి అవసరాన్ని బట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది. కాల్సిట్రయాల్‌ అనే మందు ఆ రెండు మార్పులూ అయిపోయి, పనికి సిద్ధంగా వచ్చే రూపం. కిడ్నీ జబ్బు ఉన్న కొందరికి, థైరాయిడ్‌ ఆపరేషన్‌లో పక్కనుండే పారాథైరాయిడ్‌ గ్రంథులు దెబ్బతిన్నవాళ్లకు ఇది తప్పనిసరి. నీరసంగా ఉందని కొనుక్కునే మందు మాత్రం కాదు. గోలీ మీద 0.25 మైక్రోగ్రాములని ఉంటుంది. ‘పావు మైక్రోగ్రామే కదా’ అని 60,000తో పోల్చి తేలిగ్గా తీసుకోవద్దు, ఆ రెండు అంకెలకూ పొంతనే లేదు. ఇంకో తిరకాసు ఏమిటంటే, బజారులో దొరికే కాల్షియం గోలీలు చాలావాటిలో కాల్సిట్రయాల్‌ ముందే కలిపి ఉంటుంది. అట్ట వెనక సన్నక్షరాలు చదివితేగాని తెలియదు. పైగా మామూలుగా చేసే డి టెస్టుకు కాల్సిట్రయాల్‌ అందదు. రిపోర్టు నార్మల్‌ వచ్చినా రక్తంలో కాల్షియం హద్దు దాటి ఉండొచ్చు. ఇది వాడేవాళ్లు డాక్టరు చెప్పిన గడువుల్లో కాల్షియం, ఫాస్ఫరస్‌, క్రియాటినిన్‌ పరీక్షలు చేయించుకోవాల్సిందే.

ఏ రూపం డి అయినా సరే, గుండెకు డిగాక్సిన్‌ వాడుతున్నా, బీపీకి థయజైడ్‌ రకం మందు వాడుతున్నా, కిడ్నీలో రాళ్లున్నా, టీబీ ఉన్నా డాక్టరుకు ముందే చెప్పాలి. టీబీ ఉన్న కొందరిలో జబ్బు సోకిన చోటే కాల్సిట్రయాల్‌ తయారై, అసలే కాల్షియం ఎక్కువగా ఉంటుంది.

అపోహ: వారంవారం గోల ఎందుకు, ఒక్క పెద్ద మోతాదుతో ఏడాదంతా నిశ్చింత.

ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన 2,256 మంది మహిళలతో చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. సగం మందికి ఏడాదికోసారి 5,00,000 యూనిట్లు నోటి ద్వారా ఇచ్చారు. ఎముకలు గట్టిపడతాయని ఇస్తే, వాళ్లే ఎక్కువగా పడిపోయారు, వాళ్లకే ఎముకలు ఎక్కువగా విరిగాయి. ‘ఆరు లక్షల ఇంజెక్షన్‌ ఒకటి పొడిపించుకుంటే పోలా’ అనేవాళ్లకు ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

అపోహ: పొద్దున్నే లేత ఎండలో కూర్చుంటే మందులే అక్కర్లేదు.

లేత ఎండ హాయి వేరు, అందులో డి తయారుచేసే కిరణాలు మాత్రం బహు తక్కువ. తిరుపతి స్విమ్స్‌ పరిశోధకులు చూసినప్పుడు పదకొండు నుంచి రెండు మధ్య ఎండకే డి బాగా తయారైంది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఆ కిరణాలు రానే రావు. లోపం బాగా ఉన్నవాళ్లు ఎండను నమ్ముకుని డాక్టరు రాసిన మందు మానేయకూడదు.

అపోహ: చంటిబిడ్డ చుక్కలే కదా, ఒక చుక్క అటూ ఇటూ అయితే ఏమీ కాదు.

ఏడాదిలోపు పిల్లలకు మామూలుగా రోజుకు 400 యూనిట్లు చాలు. మన దగ్గర మిల్లీలీటరుకు 400 ఉన్న సీసాలూ ఉన్నాయి, 800 ఉన్నవీ ఉన్నాయి. డ్రాపర్‌ గీతలు సరిగా చూడక పసిపిల్లలకు మోతాదు మించిపోతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లోనే హెచ్చరించింది. సీసా మార్చిన రోజు డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి, ఎన్ని మిల్లీలీటర్లో సీసా మీదే పెన్నుతో రాసుకోండి. పాత సీసా డ్రాపర్‌ కొత్తదానికి వాడొద్దు.