జిమ్నాస్టిక్సు విద్య – మన ఆడుబిడ్డలు

నేటి ప్రసంగమునకు విషయము జిమ్నాస్టిక్సు అను వ్యాయామవిద్య. పేరు పరదేశపుదైనను వస్తువు మనకు క్రొత్తది కాదు. గడమీది కెక్కి గిరగిర తిరుగు దొమ్మరి స్త్రీని, త్రాటిపై నడచు పసిబిడ్డను, పండుగ దినములలో సాముచేయు గరిడీవారిని మీలో పలువురు చూచియే యుందురు. వీరఘట్టమున జనించి 1942లో కీర్తిశేషులైన కోడి రామమూర్తినాయుడుగారి బలప్రదర్శనములను గూర్చి పెద్దలు చెప్పగా వినియుందురు. మా చీరాలలో 1921 నాటి సత్యాగ్రహకాలమున ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నడపిన రామదండు, క్రమశిక్షణ గల యువజనము ఊరికి పెట్టనికోట యగునని చూపినది. అయినను వీనిలో ఒక భేదము కలదు. మగవాని సామును మనము పౌరుషమంటిమి. ఆడుదాని గడవిద్యను వేడుకగా చూచి, పిడికెడు గింజలిచ్చి సాగనంపి, ఆ కులము పేరునే తిట్టుగా వాడుకొంటిమి. ఈ భేదమును మనస్సునం దుంచుకొని నా మాటలను వినుడు.

జిమ్నాస్టిక్సున స్త్రీలకు నాలుగు అంగములు గలవు. మొదటిది వాల్టు, అనగా పరుగెత్తి వచ్చి ఎత్తైన బల్లమీదుగా దూకుట. రెండవది ఒకటి ఎత్తుగను ఒకటి తగ్గుగను అమర్చిన రెండు కమ్ములపై ఊగి తిరుగుట. మూడవది దూలము. దాని పొడవు 5 మీటర్లు, వెడల్పు 10 సెంటీమీటర్లు. రొమ్మెత్తున నిలిపిన అంత సన్నని కొయ్యపై నడచుటయే కష్టము. బాలికలు దానిపై పల్టీలు కొట్టుదురు. నాలుగవది 12 మీటర్ల చదరమున సంగీతమునకు తగినట్లు చేయు నేలవిద్య.

వీనిలో వాల్టును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన, మన తెలుగు బాలిక ఒకతె లోకమున పేరు పొందినది ఆ అంగముననే. పరుగుబాట 25 మీటర్లకు మించరాదు. బాట చివర స్ప్రింగులు గల ఎగురుబల్ల యుండును. దాని కావల 125 సెంటీమీటర్ల ఎత్తున మెత్తని పైపొర గల వాల్టుబల్ల యుండును. పూర్వము ఆ చోట గుఱ్ఱము అను పేరుగల సన్నని దిమ్మె యుండెడిది; 2001 మొదలు దానికి బదులు చేతులూనుటకు వెడల్పైన బల్ల వచ్చినది. పరుగున కూడబెట్టిన వేగమును కాళ్లు ఎగురుబల్లకు అప్పగించును. ఎగురుబల్ల దానిని పైకి మఱల్చును. అరచేతులు వాల్టుబల్లను ఱెప్పపాటు కాలము తాకి బలముగా త్రోయును. అప్పుడు శరీరము గాలిలో పల్టీకొట్టి, మెలితిరిగి, ఆవల రెండు పాదములపై కదలక నిలువవలెను. ఒడలు ముడుచుకొన్నచో తిరుగుడు వేగమగును; చాపినచో మందమగును. చాచిన మేనితో తిరుగుట కష్టము గనుక దానికే విలువ యెక్కువ. ఇదంతయు కొన్ని క్షణములలో ముగియును. మగ్గపు గుంటలో త్రొక్కుడు తప్పినచో నాడె పోగులలో చిక్కుపడునట్లు, ఎగురుబల్లపై అడుగు జానెడు ముందువెనుకలైనచో తక్కిన విద్య యంతయు చెడును.

మార్కులు వేయు విధము కూడ తెలిసికొనదగినది. ఇప్పటి పద్ధతిలో దూకుడు ఎంత కష్టమైనదో దానికి కొన్ని మార్కులు, దానిని ఎంత నిర్దుష్టముగా చేసిరో దానికి 10కి లోబడి కొన్ని మార్కులు వేసి, రెంటిని కలుపుదురు. దిగునప్పుడు చిన్న అడుగు కదలినచో 0.1, పెద్ద అడుగైనచో 0.3, క్రిందపడినచో ఒక పూర్తి మార్కు తగ్గింతురు. వాల్టు తుదిపోటీలో రెండు వేర్వేరు దూకుళ్లు చేయవలెను; ఆ రెంటి సగటే ఫలితము.

ఇక ఆ బాలిక విషయము. బుద్దా అరుణారెడ్డి 1995 డిసెంబరు 25న జన్మించి హైదరాబాదున పెరిగినది. తండ్రి నారాయణరెడ్డిగారు మొదట ఆమెకు కరాటే నేర్పించిరి. బిడ్డ మేను వంగు తీరును, ఎగురు తీరును కనిపెట్టి, పసితనముననే జిమ్నాస్టిక్సున ప్రవేశపెట్టిరి. హైదరాబాదునందలి లాల్‌బహదూర్ స్టేడియమున ఆమె అభ్యాసము సాగినది. కూతురిని ఆటకు పంపుట ఏలయని ప్రశ్నించువారు ఏ కాలమునను కొఱవడరు. ఆ తండ్రి మాత్రము వెనుదీయలేదు. అయితే ఆమె విజయమును కన్నులార చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 2010లో ఆయన కాలధర్మము చెందిరి. అప్పటికి ఆమెకు పదునైదేండ్లయినను నిండలేదు.

తండ్రి పోయిన పిదప అనేక గృహములలో మొట్టమొదట ఆగునది ఆడుబిడ్డ విద్యయే. ఇక్కడ అది ఆగలేదు. 2013లో బెల్జియము దేశపు ఆంట్వెర్పున జరిగిన ప్రపంచపోటీలందును, 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలందును ఆమె భారతదేశము తరఫున పాల్గొన్నది. పతకము లేకయే సంవత్సరములు గడచినవి. 2018 ఫిబ్రవరి 24న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున ప్రపంచకప్పు పోటీలో ఆమె వాల్టునందు 13.649 మార్కులతో మూడవ స్థానమును, కంచు పతకమును పొందినది. జిమ్నాస్టిక్సు ప్రపంచకప్పున వ్యక్తిగతముగా పతకము గెలిచిన మొదటి భారతీయురాలు, భారతీయుడు అనదగిన వ్యక్తి ఆమెయే. ఆ పతకమును ఆమె తండ్రికే అంకితము చేసినది.

ఆ లెక్కను కొంచెము పరికింపుడు. మొదటి స్థానము స్లొవేనియా దేశపు త్యాషా కిసెలెఫ్‌కు 13.800 మార్కులతో దక్కినది. రెండవ స్థానము ఆస్ట్రేలియా బాలిక ఎమిలీ వైట్‌హెడ్‌కు 13.699 మార్కులతో దక్కినది. అరుణకును రెండవ స్థానమునకును నడుమ భేదము 0.050 మాత్రమే. రెండు దూకుళ్లలో ఒకదానియందు ఒక్క చిన్న అడుగు కదలినచో సగటున తగ్గునది సరిగా అంతయే. సంవత్సరముల శ్రమకు తూకపురాయి ఒక్క చిన్న అడుగు! కల్లములో మిరపకాయను తూచు మనకు ఇంత సన్నని తూనిక అలవాటు లేదు.

తరువాతి కథ అంత సుఖమైనది కాదు. 2018లోనే జకార్తా ఆసియా క్రీడలలో తుదిపోటీవఱకు పోయినను పతకము రాలేదు. పిమ్మట మోకాలి గాయము ఆమెను చాలకాలము పోటీలకు దూరము చేసినది. వాల్టువారికి మోకాలే పెట్టుబడి. అది చెడిన పిదప మఱల పరుగుబాటపై నిలుచుటకు దేహముకంటె మనస్సు ఎక్కువగా కూడదీసికొనవలెను. ఆమె కూడదీసికొన్నది. 2021లో ఈజిప్టు రాజధాని కైరోలో జరిగిన ఫారోకప్పు పోటీలో వాల్టునందును, నేలవిద్యయందును రెండు స్వర్ణపతకములు గెలిచినది.

ఇప్పుడు దృష్టిని దూరదేశమునకు మరల్తము. ఐరోపాలో రుమేనియా యను దేశము కలదు. 2021 జనగణనలో అచటి జనసంఖ్య రెండుకోట్లకు లోపు. 2011 లెక్కలలో నేటి ఆంధ్రప్రదేశపు జిల్లాల జనసంఖ్య దాదాపు అయిదుకోట్లు. మనలో సగమైనను లేని ఆ దేశము ఈ విద్యలో లోకమునకు గురువయ్యెను. ఒనెస్టి యను చిన్న పట్టణమున 1961లో పుట్టిన నాదియా కొమనేచి, 1976లో మాంట్రియల్ ఒలింపిక్సున ఎచ్చుతగ్గు కమ్ములపై 10కి 10 మార్కులు పొందినది. ఒలింపిక్సు స్త్రీల జిమ్నాస్టిక్సున అంతకుముందు ఎవ్వరును అట్లు పొందలేదు. మార్కులు చూపు పలకమీద 10.00 అని వేయుటకు ఏర్పాటే లేకపోవుటచే 1.00 అని చూపిరి. ఆ క్రీడలలో ఆమె మొత్తము ఏడుసార్లు పదేసి మార్కులు పొంది, మూడు స్వర్ణపతకములు గెలిచెను. 1980లో మాస్కోలో మఱి రెండు గెలిచెను. మాంట్రియల్ నాటికి ఆమె వయస్సు 14 ఏండ్లు.

రుమేనియా విజయమునకు మూలము పసివారిని చిన్ననాడే ఎన్నిక చేసి, బడియును వ్యాయామశాలయును ఒక్కటిగా నడుపుట. ఇది మెచ్చదగినదే. కాని పెద్దలైన మీకు దాని రెండవ ముఖమును చూపకపోవుట ధర్మము కాదు. అచటి శిక్షణలో కఠినత మితిమీరినదని, బాలికలను అర్ధాకలితో ఉంచిరని, కొట్టిరని, అందు పెరిగినవారే పిమ్మట చెప్పిరి. నాదియా కీర్తిని ప్రభుత్వము తన అలంకారముగా వాడుకొని, ఆమె కదలికలపై కావలి పెట్టెను. 1989 నవంబరులో ఆమె రాత్రివేళ సరిహద్దు దాటి స్వదేశమును విడిచిపోయెను. 1997 మొదలు 16 ఏండ్లు నిండు సంవత్సరమునకు ముందు బాలికలను పెద్దల అంతర్జాతీయ పోటీలలో చేర్చుకొనరాదని నిబంధన వచ్చినది.

మఱియొక ఉదాహరణము. 2000లో సిడ్నీ ఒలింపిక్సున ఆండ్రియా రదుకాన్ అను పదునాఱేండ్ల రుమేనియా బాలిక నాలుగంగముల మొత్తమున ప్రథమురాలై స్వర్ణము గెలిచెను. జలుబునకని జట్టు వైద్యుడిచ్చిన మాత్రలో నిషిద్ధమైన మందు ఉండుటచే ఆ పతకమును వెనుకకు తీసికొనిరి. తప్పు పెద్దలది; శిక్ష బిడ్డది. ఏ విద్యనైనను బిడ్డకు నేర్పించునపుడు పెద్దల జాగరూకత ఎంత అవసరమో దీనికి మించిన పాఠము లేదు.

ఇక మన ఊళ్ల మాట. మన ప్రాంతమున పెద్దలు సాధారణముగా మూడు ఆక్షేపణలు చెప్పుదురు. మొదటిది, ఆడుపిల్ల నలుగురిలో గంతులు వేయుట మర్యాద కాదని. అయ్యా, ప్రత్తిచేలలో వంగి ప్రత్తి తీయునది ఆడుదియే. మండుటెండలో కల్లములపై మిరపకాయలు ఏరునది ఆడుదియే. పని కొఱకు వంగిన వెన్ను మర్యాదయైనచో, విద్య కొఱకు వంగిన వెన్ను అమర్యాద యెట్లగును? రెండవది, కాలో చెయ్యో విఱిగినచో పెండ్లి కాదని. గాయము కలుగదని నేను చెప్పజాలను. అరుణ మోకాలే సాక్ష్యము. కాని గాయములలో పెక్కు గురువు లేమిచేతను, చాపలు లేమిచేతను, తొందరచేతను కలుగును. వానిని తగ్గించుట పెద్దల చేతిలోని పని. మూడవది, దీనివలన కూడు దొరకునా యని. నూటికి ఒకరికైనను పతకము రాదు, ఇది నిజము. అయినను దేహమును తన వశమున ఉంచుకొనుట నేర్చిన బాలిక పడి లేచుట కూడ నేర్చును. ఆ విద్య ఏ బ్రతుకునకును వ్యర్థము కాదు.

ఆరంభమునకు గొప్ప సాధనములు అక్కఱలేదు. నేలపై ముందు పల్టీ, వెనుక పల్టీ, గోడ ఆనికతో చేతులపై నిలుచుట, నేలపై గీచిన గీతమీద తూకము తప్పక నడచుట, ఇవియే తొలి పాఠములు. మా చీరాల పిల్లలకు వాడరేవు ఇసుక సమీపముననే కలదు. కాని ఒక హెచ్చరిక. గడ్డివామిమీదనుండి గాని, గట్టుమీదనుండి గాని గురువు లేకుండ గాలిలో పల్టీలు కొట్టనీయకుడు. మెడ విఱుగుటకు ఒక్క క్షణము చాలును. బడిలో వ్యాయామోపాధ్యాయుడు ఉన్నాడో లేడో విచారింపుడు; ఉన్నచో అతడు బాలికలకును నేర్పుచున్నాడో లేదో కనుగొనుడు. బిడ్డకు కడుపునిండ తిండి పెట్టుడు. ఎవరైనను బిడ్డను కొట్టి నేర్పినను, పస్తు పెట్టినను, ఊరు పేరు లేని మాత్రలిచ్చినను, ఆ క్షణముననే బిడ్డను ఇంటికి తెచ్చుకొనుడు. పతకముకంటె బిడ్డ ముఖ్యము.

రుమేనియా కూడ ఎల్లకాలము శిఖరమున నిలువలేదు. 2000లోను 2004లోను ఒలింపిక్సున జట్టు స్వర్ణము గెలిచిన ఆ దేశపు స్త్రీలు, 2016 రియో క్రీడలకు జట్టుగా అర్హతయే పొందలేకపోయిరి. ఆ రియోలోనే మన దేశమున త్రిపురకు చెందిన దీపా కర్మాకర్ వాల్టునందు 15.066 మార్కులతో నాల్గవ స్థానము పొంది, 0.150 తేడాతో పతకమును పోగొట్టుకొన్నది. కావున ఈ విద్య ఏ జాతికిని పిత్రార్జితము కాదు; ఎవరు బిడ్డలను పోషించి నేర్పింతురో వారి యింట నిలుచును.

మహాశయులారా! గడనెక్కిన స్త్రీకి మన పూర్వులు పిడికెడు గింజలిచ్చిరి గాని గౌరవ మీయలేదు. ఆ బాకీ మనపై నిలిచియున్నది. మీ వీధిలో చెట్టుకొమ్మ పట్టి ఊగు ఆడుబిడ్డను దిగుమని గద్దించుటకు ముందు, ఒక్కసారి నిలిచి, ఆమె ఊగు తీరును పరికించి చూడుడు. నారాయణరెడ్డిగారు తన బిడ్డయం దట్లు చూచియుండనిచో మెల్‌బోర్నున భారతదేశమునకు ఆ పతకము వచ్చియుండెడిది కాదు. చూచు కన్ను పెద్దలది. ఎగురు కాలు బిడ్డలది. ఈ రెండును కలిసిననాడు మన ప్రత్తి మిరప సీమనుండియు ఆ పరుగుబాటపై నిలువగలవారు తప్పక బయలుదేరుదురు.