ఒకే తల్లి పిల్లలు, షుగర్ మాత్రం చిన్నవాడికే

అమెరికాలోని అరిజోనాలో పీమా అనే ఆదివాసీ తెగ ఉంది. వాళ్లలో షుగర్ వ్యాధి విపరీతం. అందుకే పరిశోధకులు దశాబ్దాల తరబడి అక్కడే మకాం వేశారు. 2000లో డానా డబేలియా బృందం ఆ కుటుంబాల్లో ఓ లెక్క తీసింది. ఒకే తల్లి పిల్లల్లో ఒకరు ఆమెకు షుగర్ బయటపడకముందు పుట్టారు, ఇంకొకరు బయటపడ్డాక పుట్టారు. ఇద్దరిలో ఒకరికే జబ్బున్న జంటలు 28 దొరికాయి. వాటిలో 21 జంటల్లో షుగర్ వచ్చింది తర్వాత పుట్టిన బిడ్డకే! వయసు మీదపడేకొద్దీ రావాల్సిన జబ్బు పెద్దవాళ్లను వదిలేసి చిన్నవాళ్లను పట్టుకుందన్నమాట. తండ్రికి షుగర్ ఉన్న ఇళ్లలో ఇలాంటి తేడా కనిపించలేదు. అంటే జన్యువుల వాటాతో పాటు కడుపులో గడిపిన నెలల వాటా కూడా ఉంది.

తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది. ఆమె ఇన్సులిన్ మాత్రం దాటదు. వచ్చిపడే చక్కెరను సర్దుకోవడానికి బిడ్డ క్లోమమే అదనంగా ఇన్సులిన్ ఊరించాలి. దాంతో కొవ్వు చేరి బిడ్డ బొద్దుగా పుడుతుంది. డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950ల్లోనే ఈ సంగతి చెప్పాడు. కానీ బొడ్డు కోశాక ఆ చక్కెర ఆగిపోతుంది కదా, ఎన్నో ఏళ్ల తర్వాత జబ్బెందుకు రావాలి?

దీనికి జవాబు ఎపిజెనెటిక్స్‌లో ఉండొచ్చంటున్నారు. డీఎన్‌ఏలోని అక్షరాలు మారవు. ఒక జన్యువులోని కొన్ని అక్షరాలకు మిథైల్ అనే చిన్న రసాయన గుంపు అతుక్కుంటే, చాలా సందర్భాల్లో ఆ జన్యువు పని తగ్గుతుంది. గర్భిణిగా ఉండగా షుగర్ వచ్చిన తల్లుల మాయలోనూ బొడ్డుతాడు రక్తంలోనూ మెస్ట్ అనే జన్యువు మీద ఈ మిథైల్ తక్కువగా ఉందని 2013లో జర్మనీ పరిశోధకులు చూపించారు. బాగా ఊబకాయం ఉన్న పెద్దవాళ్ల రక్తంలోనూ అదే తగ్గుదల కనిపించింది.

ఇది చదివి తల్లి తిన్న మిఠాయి బిడ్డ జన్యువులను తిరగరాసేసిందని అనుకోవద్దు. దొరికిన తేడాలు చిన్నవి. బొడ్డు రక్తంలో ఉన్న గుర్తు క్లోమంలోనూ ఉంటుందని చెప్పలేం. నా లెక్కలో పీమా తోబుట్టువుల సాక్ష్యం గట్టిది, మిథైల్ కథ ఇంకా అనుమానమే. పైగా మాయ విడుదల చేసే హార్మోన్లే ఏ గర్భిణిలోనైనా ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. అందులో తల్లి తప్పేముంది?

అయితే ఒక ఆశ ఉంది. బ్రిటన్‌లో ఊబకాయం ఉన్న గర్భిణులతో అప్‌బీట్ అనే ప్రయోగం జరిగింది. అందులో తిండి, వ్యాయామం మార్చుకున్నవాళ్ల బిడ్డల్లో షుగర్‌తో ముడిపడిన మిథైల్ మార్పులు తగ్గి కనిపించాయి.

షుగర్ ఉందో లేదో ముందు తెలియాలి కదా, మన దేశంలో గర్భిణులకు చేసే ఆ పరీక్ష తేలికే. పరగడుపున రావాల్సిన పనిలేదు. 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు, వెగటనిపించినా, తాగేయాలి. రెండు గంటలకు రక్తంలో చక్కెర డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని ఉంటే జాగ్రత్త పడాలి. చాలామందికి తిండి మార్పు, నడక సరిపోతాయి. మిగిలినవాళ్లకు ఇన్సులిన్ సూది రాస్తారు. అది బిడ్డకేం చేస్తుందోనని జంకి మానేసేవాళ్లున్నారు. మాయ దాటి బిడ్డను చేరేది చక్కెరే గాని, ఆ ఇన్సులిన్ కాదు.