పాత కారుకు కొత్త రంగు: మెరుపు కాదు, మన్నిక చూడాలి

గద్వాల: ఇంట్లో పెళ్లి కుదిరిందంటే పాత కారుకు రంగు వేయించాలన్న ఆలోచన వస్తుంది. తీరా రెండో వర్షాకాలానికే రంగు పొక్కులు లేచి, పెచ్చులుగా ఊడిపోతే డబ్బాను తిట్టుకుంటాము. చాలాసార్లు తప్పు డబ్బాది కాదు, దాని కింద మిగిలిపోయిన తుప్పుది.

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు ముందే ఆగింది. ఇటువంటి బండ్లకు ఉన్న రేకును కాపాడుకోవడమే దారి. జూరాల కాల్వల కింద వరి మళ్ల బురదలో తిరిగే బండికి మడ్‌గార్డుల లోపల, తలుపుల అడుగున తుప్పు ముందుగా పడుతుంది. అక్కడ మెరిసే రేకు కనిపించే దాకా గీకించాలి. తూటు పడితే కొత్త రేకు అతికించాలే గాని పుట్టీతో పూడ్చరాదు. పుట్టీ తేమను పీల్చుకుంటుంది. ఆ తరువాత ఎపాక్సీ ప్రైమర్, పలుచగా పుట్టీ, వాటర్ పేపర్‌తో రుద్దుడు. అంతా బాగా ఆరాకే రంగు.

ఇక ఏ రంగు? 'డూకో' అని పిలిచే లక్కర్ నిమిషాల్లో ఆరుతుంది గాని, మన ఎండలకు త్వరగా వెలిసి బీటలిస్తుంది. సింథటిక్ ఎనామిల్ చవక. అయితే నిదానంగా ఆరుతుంది కనుక దుమ్ము అంటుకుంటుంది. హార్డెనర్ కలిపి కొట్టే పి.యు. రంగు ఖరీదైనదే అయినా ఎండకు, పెట్రోలు చుక్కలకు అన్నిటికన్నా బాగా తట్టుకుంటుంది. దాని తుంపర ఊపిరితిత్తులకు హానికరం. పెయింటరు ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, తగిన మాస్కు ఉండాలి.

పాత రంగు ఏదో ముందే తెలుసుకోవడం మంచిది. థిన్నర్‌లో ముంచిన దూదితో డిక్కీ లోపలి మూల రుద్ది చూడండి. రంగు కరిగి దూదికి అంటితే లక్కర్, ముడతలు లేస్తే ఎనామిల్. ఎనామిల్ మీద లక్కర్ కొడితే బండంతా అలాగే ముడతలు పడుతుంది.

రంగు మారిస్తే రవాణా కార్యాలయంలో ఆర్.సి.లో కూడా మార్పించుకోవాలి. మిలిటరీ బండ్ల ఆలివ్ ఆకుపచ్చను ఇతరులు వేయించరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి.

బేరం ఆడేటప్పుడు 'రంగుకు ఎంత?' అని మాత్రమే అడగకండి. 'తుప్పు ఎంత దాకా తీస్తావు, ఏ ప్రైమర్ వేస్తావు?' అని కూడా అడగండి. ప్రైమర్ వేయక ముందే ఒకసారి షెడ్డుకు వెళ్లి రేకును కళ్లారా చూసుకోండి. రంగు పడ్డాక చూడటానికి ఏమీ ఉండదు.