టెక్నాలజీ, టెలికాం షేర్లు: ఏ లెక్క చూసి కొనాలి?

ఐటీ కంపెనీకి సరుకు నిల్వలు ఉండవు, పెద్ద ఫ్యాక్టరీలు ఉండవు. ఖర్చులో సింహభాగం జీతాలే. ఆదాయం ఎక్కువగా విదేశీ ఖాతాదారుల నుంచి వస్తుంది. ఖాతాదారులు నిలకడగా ఉన్నారా, లాభం శాతం ఎంత అని మదుపరులు బాగానే ఆరా తీస్తారు. ఆ లాభం నగదు రూపంలో నిజంగా చేతికి అందుతోందా అన్న ప్రశ్న మాత్రం చాలామంది వేయరు. అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

భీమవరం ప్రాంతానికి చెందిన బి. రామలింగరాజు 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన సత్యం కంప్యూటర్స్ 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి కూడా ఎక్కింది. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 649 కోట్ల రూపాయల నిర్వహణ లాభం, అంటే ఆదాయంలో 24 శాతం, చూపింది. ఆనాటి పెద్ద ఐటీ కంపెనీల్లో అది విడ్డూరమైన అంకె కాదు కాబట్టి, పక్క కంపెనీతో పోల్చినా అనుమానం రాదు. 2009 జనవరి 7న రాజు బోర్డుకు రాసిన లేఖ ప్రకారం అసలు లాభం 61 కోట్లే. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ ఒక్కరోజే 40 దరిదాపులకు పడిపోయింది.

దొంగ లెక్కలను బయటివారు పట్టుకోలేకపోయినా, కొన్ని సూచనలు అందరికీ కనబడుతూనే ఉన్నాయి. ప్రమోటర్ల వాటా ఏళ్ల తరబడి తగ్గుతూ 2008 నాటికి పది శాతం లోపుకు వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 16న రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించి, మదుపరులు తిరగబడడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలను కంపెనీలు వెల్లడించాలని సెబీ తప్పనిసరి చేసింది ఈ ఉదంతం తర్వాతే. ఇప్పుడు యానాంలో ఫోన్‌మీద షేర్లు కొనే వ్యక్తికీ, ముంబై ఫండ్ మేనేజరుకూ ఆ వివరాలు ఎక్స్ఛేంజి వెబ్‌సైట్లలో ఒకేలా దొరుకుతాయి. మనవాళ్ల కంపెనీ అన్న అభిమానం వాటిని చదవకపోవడానికి కారణం కాకూడదు.

ఇలాంటి పతనంలోనే అవకాశమూ ఉంది. లెక్కలు అబద్ధమైనా సత్యం ఇంజనీర్లు, ఖాతాదారులు నిజం. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున వాటా కొని, 2013లో కంపెనీని తనలో విలీనం చేసుకుంది. అయితే అప్పటికి కొత్త బోర్డును ప్రభుత్వమే నియమించింది. ఆ రక్షణ లేకుండా, ధర పడిందని మాత్రమే కొనడం జూదమవుతుంది.

టెలికాం షేర్ల లెక్క వేరు. ఇక్కడ స్పెక్ట్రమ్‌కు, టవర్లకు ముందుగానే భారీ పెట్టుబడి పెట్టాలి, కాబట్టి అప్పు, ఒక్కో చందాదారు నుంచి నెలకు వచ్చే సగటు ఆదాయం కీలకం. 2016 సెప్టెంబరులో జియో రాకతో ఛార్జీలు కుప్పకూలి ఆ ఆదాయం పడిపోయింది. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పుతో ప్రభుత్వానికి కట్టాల్సిన పాత బకాయిల భారం కంపెనీల మీద పడింది. వొడాఫోన్ ఐడియా 16,133 కోట్ల వడ్డీ బకాయిలకు బదులుగా 2023లో కేంద్రానికి షేర్లు ఇవ్వాల్సి రావడంతో పాత వాటాదారుల వాటా పలచబడింది. 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఛార్జీలు పెంచాయి. ఆ పెంపు ఫలితం అప్పు తక్కువున్న కంపెనీలో లాభంగా మిగులుతుంది, అప్పు ఎక్కువున్న చోట వడ్డీకి పోతుంది.