పేరు లేనివాడికి మూడు పేర్లు

మంగళవారం మధ్యాహ్నం డెస్కు నుంచి ఫోను. "స్పగెట్టీ వెస్టర్న్‌లు చూశారా మీరు?" అన్నారు ఎడిటరుగారు. లేదండీ అన్నాను. "అయితే మీరే రాయండి. చూసినవాళ్ళకిస్తే పాఠం చెప్తారు. గురువారం సాయంత్రానికి కాపీ కావాలి."

అబద్ధమెందుకు, ఈ వయసుదాకా నాకు కౌబాయ్ అంటే కృష్ణే. 'మోసగాళ్ళకు మోసగాడు' మా ఊరి హాలుకి ఎన్నోసారో తిరిగొచ్చినప్పుడు బెంచీ టికెట్టుకి చూశాను. అసలు సరుకు ఇటలీదని ఆ తర్వాత చాలామంది చెప్పారు. చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు మండేది. బహుశా ఆ ఉక్రోషంతోనే వాటి జోలికి పోలేదు. ఇప్పుడు తప్పలేదు. రెండు రాత్రుల్లో సెర్జియో లియోనీ డాలర్ల సినిమాలు మూడూ చూశాను.

గుర్రాల సంగతి తర్వాత. నేను ఆగిపోయింది మొదటి సినిమా 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' (1964) టైటిల్స్ దగ్గర. ఎర్రటి తెర మీద నల్లని నీడల్లా రౌతులు దూసుకుపోతుంటారు. తుపాకులు పేలుతుంటాయి. వెనక ఎవరో తీరిగ్గా ఈల వేస్తుంటాడు. ఇటలీ ప్రింటు టైటిల్స్ పనిగట్టుకుని వెతికి పట్టుకున్నాను. దర్శకుడు బాబ్ రాబర్ట్‌సన్. సంగీతం డాన్ సావియో. కెమెరా జాక్ డాల్మాస్. విలనేమో వెల్స్ అనే దొర. పేర్లు చూస్తే అందరూ టెక్సాస్‌లో పశువులు కాసి వచ్చినట్టే ఉంటారు.

అందరూ ఇటలీవాళ్ళే. రాబర్ట్‌సన్ అంటే లియోనీ. సావియో సాక్షాత్తూ ఎన్నియో మోరికోనే. డాల్మాస్ అసలు పేరు మాసిమో దల్లామానో, వెల్స్ దొర అసలు పేరు జియాన్ మరియా వొలోంటే. ఇటలీవాడు తీసిన కౌబాయ్ సినిమాకి ఇటలీవాడే టికెట్టు కొనడని భయం. పొరుగింటి పుల్లకూర రోగం మనకొక్కళ్ళకే లేదన్నమాట. 'రాహైడ్' అనే టీవీ సీరియల్ నుంచి 15,000 డాలర్లకు వచ్చిన క్లింట్ ఈస్ట్‌వుడ్ నికార్సయిన అమెరికావాడు కాబట్టి ఆయనకు ఆ తిప్పలు లేవు.

బాబ్ రాబర్ట్‌సన్ అన్న కార్డు దగ్గర నాలుగుసార్లు వెనక్కి తిప్పాను. లియోనీ తండ్రి విన్సెంజో కూడా మూకీల కాలం దర్శకుడే. ఆయన తెర పేరు రాబర్టో రాబర్టీ. రాబర్ట్‌సన్ అంటే రాబర్ట్ కొడుకు. దొంగపేరు పెట్టుకోవాల్సి వస్తే అందులోనూ నాన్నను ఇరికించాడు కొడుకు. నా కోపం సగం అక్కడే చల్లారింది.

మిగతా సగం నవ్వులో పోయింది. 1967లో ఈ మూడింటినీ అమెరికాలో విడుదల చేసిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ వాళ్ళు ఈస్ట్‌వుడ్‌ని 'పేరు లేని మనిషి' అని ఊదరగొట్టారు. తీరా చూస్తే మొదటి సినిమాలో శవపేటికలు చేసే ముసలాయన అతన్ని జో అని పిలుస్తాడు. రెండోదాంట్లో మాంకో. మూడోదాంట్లో బ్లాండీ. తీసినవాళ్ళేమో పేర్లు దాచుకుని తిరిగారు.

గొంతులూ అంతే. సెట్లో ఎవరి భాష వాళ్ళు మాట్లాడేసేవారు, మాటలన్నీ తర్వాత డబ్బింగే. ఇటలీ హాళ్ళలో ఈస్ట్‌వుడ్‌కి గొంతిచ్చింది ఎన్రికో మరియా సలెర్నో. పెదవులు మూసుకున్నాక కూడా మాట నడుస్తుంటే పావుగంట చిరాకుపడ్డాను, అరవ డబ్బింగులు చూసి పెరిగిన నేనే. తర్వాత పెదాలు వదిలేసి కళ్ళు చూడ్డం మొదలెట్టాను. లియోనీ కెమెరా ఎలాగూ అక్కడే కాపురం. చుట్టముక్కను పెదవి మూలకు నొక్కిపెట్టి, ఎండకు కళ్ళు చికిలించి, ఈస్ట్‌వుడ్ అలా నిలబడితే మాటతో పనేముంది?

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1960ల్లో ఇటలీవాళ్ళు స్పెయిన్ దక్షిణాన అల్మేరియా దగ్గర తబెర్నాస్ ఎడారినే అమెరికా చేసుకుని చవకలో వందల సినిమాలు తీశారు. విమర్శకులు వెక్కిరింపుగా 'స్పగెట్టీ' అన్నారు, ఆ పేరే నిలిచింది. 1966లో సెర్జియో కోర్బుచ్చి 'జాంగో'లో హీరో శవపేటికను బురదలో ఈడ్చుకొస్తాడు. మొదటి డాలర్ల సినిమాకి అకిరా కురొసావా 'యొజింబో' (1961) కథని అడక్కుండా వాడుకున్నందుకు లియోనీ బృందం వసూళ్ళలో 15 శాతం ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ కథ పద్దెనిమిదో శతాబ్దపు మా గోల్డోనీ నాటకంలోనే ఉంది కదా అని లియోనీ వాదన. దొరికిపోయినవాడు తాతల్ని తవ్వడం ఏ దేశంలోనైనా మామూలే.

నచ్చనిదీ చెప్పాలి. ఆడవాళ్ళను ఏం చెయ్యాలో లియోనీకి తెలీదు. మూడో సినిమా 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' దాదాపు మూడు గంటలు, అందులో ఆడమనిషి కనిపించేది లెక్కకు రానంత.

బుధవారం రాత్రి మళ్ళీ 1971 'మోసగాళ్ళకు మోసగాడు' పెట్టాను. ఆరుద్ర రాత, కె.ఎస్.ఆర్. దాస్ తీత, రాజస్థాన్ ఇసుక. ఇది 'ట్రెజర్ హంట్' పేరుతో ఇంగ్లీషులోకీ పోయింది. లియోనీ మూడో సినిమాలో ఈలై వాలక్ వేసిన టూకో ఎంత గొప్పవాడైనా, నాకు మాత్రం నాగభూషణం నక్కజిత్తుల నాగన్న అన్నగారిలాగే కనపడ్డాడు. వరసలో తమ్ముడే, ఒప్పుకుంటాను. పైగా మనవాళ్ళు టోపీ పెట్టుకున్నారేగాని బాబ్ అనీ జాక్ అనీ పేర్లు పెట్టుకోలేదు. ఆరుద్రది కలం పేరు కదా అంటారా, అది మన ఎర్ర పురుగు పేరే.

బాక్సు 1: బీరు సీసా పేరు

మారుపేర్ల సరదా లియోనీతో ఆగలేదు. 1970లో 'దే కాల్ మీ ట్రినిటీ'తో ఊపేసిన జంట టెరెన్స్ హిల్, బడ్ స్పెన్సర్. అసలు పేర్లు మారియో జిరోత్తి, కార్లో పెదెర్సోలి. పెదెర్సోలి ఒలింపిక్స్ ఈతగాడు. బడ్‌వైజర్ బీరులోంచి ముందు సగం, అభిమాన నటుడు స్పెన్సర్ ట్రేసీ నుంచి వెనక సగం తీసుకున్నాడు.

బాక్సు 2: ఖాళీ సమాధులు

'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' కోసం స్పెయిన్ సైనికులు ఒక వంతెన కట్టారు. సంకేతం పొరబడి, కెమెరాలు తిరగకముందే పేల్చేశారు. మళ్ళీ వాళ్ళే కట్టారు. బుర్గోస్ ప్రాంతంలో వేల మట్టిదిబ్బలతో సాడ్ హిల్ శ్మశానం వేసిందీ వాళ్ళే. బంగారం ఉండేది అందులో పేరు లేని సమాధిలో (అర్ధశతాబ్దం దాటిన సినిమా, ముగింపు చెప్పేసినా తప్పులేదు). షూటింగయ్యాక అదంతా గడ్డిలో కలిసిపోయింది. 2015 నుంచి అభిమానులు పారలు పట్టుకుని వచ్చి, నడిమధ్య రాతి వలయం బయటపడేదాకా తవ్వారు. 15 యూరోలు కట్టినవాళ్ళకు ఒక్కో సమాధి ఇచ్చి, దాని శిలువ మీద వాళ్ళ పేరు రాశారు. కింద ఎవరూ లేరు. పైన పేర్లన్నీ బతికున్నవాళ్ళవి, అసలు పేర్లే.