వారంటీ పత్రము

సెల్‌ఫోనుగాని కంప్యూటరుగాని కొన్నప్పుడు పెట్టెలో ఒక మడత కాగితముండును. అందలి అక్షరములు చీమలబారువలె నుండును. పెక్కుమంది దానిని చదువక, ఖాళీపెట్టెతో కూడ అటుకపై పడవేయుదురు. ఫోను చెడిననాడు ఇంటిల్లిపాది వెదకునది ఆ కాగితమునే. అదియే వారంటీ పత్రము.

వారంటీ యనగా వస్తువును తయారుచేసినవారిచ్చు మాట. ఫలానా గడువులోపల తయారీలోపమువలన వస్తువు చెడినచో ఉచితముగా బాగుచేసి యిత్తుమని దాని సారాంశము. మనదేశమున సెల్‌ఫోనునకు సామాన్యముగా ఒక సంవత్సరము, చార్జరు మొదలైన వానికి ఆరునెలలు గడువుండును. ఫోను క్రిందపడి అద్దము పగిలినను, ఇతరులు విప్పి మరమ్మతు చేసినను ఈ మాట చెల్లదు. నీటిని తట్టుకొనునని ప్రకటించిన ఫోనులకు సైతము నీటివలన కలిగిన చెరుపును పెక్కు కంపెనీలు వారంటీలో చేర్చవు. పెద్ద అక్షరములతో చెప్పినదానిని చిన్న అక్షరములతో తగ్గించుట వర్తకమునకు క్రొత్త కాదు.

అయితే కొన్నవాని హక్కు ఆ కాగితముతో ముగియదు. 1930వ సంవత్సరపు సరకుల విక్రయచట్టము ప్రకారము, వర్ణనను నమ్మి వర్తకునివద్ద కొన్న వస్తువు అమ్మదగిన నాణ్యము కలదై యుండవలెను. 1986లో వినియోగదారుల రక్షణకై ప్రత్యేక చట్టము వచ్చెను. దాని స్థానమున 2019లో చేసిన చట్టము 2020 జూలై నుండి అమలులో నున్నది.

ఒక దర్జీ తన కుమార్తె చదువునకై పన్నెండువేల రూపాయలతో ఫోను కొనెననుకొందము. నాలుగవ నెలలో అది తనంతట తానే ఆగిపోవ నారంభించినది. అంగడివాడు బిల్లు అడుగున అచ్చువేసిన 'అమ్మిన సరకు వాపసు తీసుకొనబడదు' అను వాక్యమును చూపెను. సర్వీసు సెంటరువారు ఫోనువిప్పి, లోపల తడి తగిలినదని చెప్పి, బాగుచేయుటకు ఐదువేలడిగిరి. దర్జీకి అది చిన్న మొత్తము కాదు. ఫోను లేనిచో బాలిక పాఠములు నిలిచిపోవును.

బిల్లుపై అచ్చువేసినంతమాత్రమున ఆ వాక్యము చట్టము కాజాలదు. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో ముప్పది దినములలోపల వాపసు తీసుకొని సొమ్మీయ నిరాకరించుట 2019 చట్టము ననుసరించి అనుచిత వర్తకము. బిల్లు ఇయ్యకుండుటయు నట్టిదే. ఇచ్చట నాలుగు నెలలు గడచినవి గనుక దర్జీకి ఆధారము వారంటీయే. పెక్కు ఫోనుల లోపల తడి తగిలినచో ఎఱ్ఱబారు చిన్న తెల్లచీటి యొకటి అంటింపబడి యుండును. దానిని చూపుడని దర్జీ అడుగవచ్చును. వస్తువు అప్పగించిన తేదీని, చెప్పిన లోపమును, నిరాకరణకు కారణమును వ్రాసిన జాబ్‌షీటును తప్పక తీసికొనవలెను. నోటిమాటకు రేపు సాక్ష్యముండదు.

అప్పటికిని పని కానిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు తెలుగులోనే ఫోను చేయవచ్చును. వారు తీర్పు చెప్పరు. ఫిర్యాదును కంపెనీకి చేరవేసి సమాధానము రాబట్ట యత్నింతురు. అదియు ఫలింపనిచో జిల్లా వినియోగదారుల కమిషన్ కలదు. ఐదులక్షలలోపు విలువగల వస్తువునకు అచ్చట రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. కొన్నవాడు తానున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. డబ్బిచ్చినది తండ్రియైనను, అతని యనుమతితో వాడుచున్న కుమార్తె కూడ చట్టరీత్యా వినియోగదారురాలే.

లోపము తయారీదా, తడివలన కలిగినదా యని తేలనిచో కమిషన్ ఫోనును ప్రయోగశాలకు పంపవచ్చును. అందులకగు ఖర్చు ముందుగా ఫిర్యాదుదారే చెల్లింపవలసి రావచ్చును. లోపము ఋజువైనచో బాగుచేయించుటకో, క్రొత్తది యిప్పించుటకో, ధర తిరిగి యిప్పించుటకో కమిషన్‌కు అధికారము కలదు. చట్టము మూడు నెలలు, పరీక్ష అవసరమైనచో ఐదు నెలలు గడువు పెట్టినదిగాని, ఆచరణమున ఆలస్యము తరచుగా జరుగుచున్నది. ఫోను నిజముగా నీటిలో పడియుండినచో ఈ ప్రయాస యంతయు వృథా.

ఫిర్యాదు చేయుటకు వివాదకారణము పుట్టిన నాటినుండి రెండు సంవత్సరముల వ్యవధి కలదు. అంతవఱకు బిల్లు నిలువవలెను గదా! నేటి అంగళ్లలో యంత్రమునుండి వెలువడు నున్నని కాగితపు బిల్లులపై అక్షరములు వేడికి, వెలుతురునకు కొన్ని నెలలలోనే వెలిసిపోవుచుండును. అందుచేత వస్తువు కొన్ననాడే బిల్లునకు ఫొటో తీసి, ఆ ఫోనులో మాత్రమే గాక వేరొకచోట కూడ దాచవలెను.