నాలుగు వందల గజాల నత్తనడక

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో బర్క్లీ అనే ఊరుంది. అక్కడ కొండ వాలు మీద లారెన్స్ బర్క్లీ ప్రయోగశాల, దాని దిగువన విశ్వవిద్యాలయం. రెండింటికీ మధ్య దూరం 400 గజాలు. 1986 అక్టోబరులో ఆ కాస్త దూరం దాటడానికి కంప్యూటర్ సమాచారం ఆపసోపాలు పడింది. సెకనుకు 32,000 బిట్లు మోసే దారి 40 బిట్లకు పడిపోయింది. అంటే సెకనుకు అయిదు అక్షరాలు. ఓ మోస్తరు టైపిస్టు వేళ్లకు ఉండే వేగం. తీగ తెగలేదు, ఏ యంత్రమూ ఆగిపోలేదు. ప్రతి యంత్రమూ తన పని తాను శ్రద్ధగా చేస్తూనే ఉంది. చిక్కంతా ఆ శ్రద్ధలోనే ఉంది.

ప్రయోగశాలలో పనిచేసే వాన్ జాకబ్సన్, విశ్వవిద్యాలయంలో బర్క్లీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బాధ్యత చూసే మైక్ కేరల్స్ కలిసి ఈ చిక్కుముడిని విప్పడానికి కూర్చున్నారు. వాళ్లు కనిపెట్టిన ఉపాయం పేరు స్లో స్టార్ట్. ఈ రోజు మన ఫోనులో ఒక వెబ్‌సైటు తెరుచుకోవడానికి తటపటాయించినప్పుడల్లా, ఆ తటపటాయింపులో కొంత భాగం ఈ ఉపాయానిదే. అది లేకపోతే మాత్రం అసలు తెరుచుకునేదే కాదు.

ఇంటర్నెట్‌లో సమాచారం ముక్కలుగా ప్రయాణిస్తుంది. ఆ ముక్కలే ప్యాకెట్లు. పంపేవాడు ప్రతి ముక్కకూ వరుస సంఖ్య వేస్తాడు, అందుకున్నవాడు రశీదు పంపుతాడు. అనుకున్న సమయానికి రశీదు రాకపోతే ముక్క దారిలో పోయిందనుకుని పంపేవాడు మళ్లీ పంపుతాడు. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రతిపాదించిన టీసీపీ పద్ధతి సారం ఇదే. 1983 జనవరి 1 నుంచి, ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ మొత్తం దీని మీదే నడిచింది.

ఇందులో ఒక లోపం దాగి ఉంది. దారిలో రద్దీ పెరిగితే రౌటరు దగ్గర ప్యాకెట్లు బారులు తీరతాయి, రశీదు ఆలస్యమవుతుంది. పంపేవాడి గడియారానికి ఆ సంగతి తెలియదు. పోయిందనుకుని రెండో ప్రతి పంపుతుంది. బారులో ఉన్న మొదటి ప్రతి వెనుక రెండోదీ చేరుతుంది, బారు ఇంకా పొడవవుతుంది, రశీదు ఇంకా ఆలస్యమవుతుంది, మూడో ప్రతి బయలుదేరుతుంది. చివరికి దారి నిండా ఒకే సరుకు నకళ్లే తిరుగుతుంటాయి. ఈ ప్రమాదాన్ని ఫోర్డ్ ఏరోస్పేస్‌లో పనిచేసే జాన్ నేగుల్ 1984లోనే పసిగట్టి, ‘రద్దీ పతనం’ అని పేరు కూడా పెట్టి రాశాడు. రెండేళ్లకు బర్క్లీలో అది అక్షరాలా జరిగింది.

జాకబ్సన్ చేసిన పనిలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆయన మొదటి అడుగు. ఊహించడం మానేసి, తీగ మీద నిజంగా ఏం పోతోందో చూశాడు. ఏ ప్యాకెట్ ఏ క్షణాన బయలుదేరిందో చుక్కలుగా గీశాడు. ఆయన 1988లో ప్రచురించిన పరిశోధన పత్రంలో ఆ బొమ్మలున్నాయి. సవరించని టీసీపీతో చేసిన ఒక పరీక్షలో దారి సామర్థ్యంలో 35 శాతమే అక్కరకొచ్చింది, మిగిలినదంతా నకళ్లకే పోయింది. దాదాపు ప్రతి ముక్కా కనీసం రెండుసార్లు వెళ్లింది, కొన్నయితే అయిదుసార్లు. ఆ బొమ్మ చూశాక రోగం ఎక్కడుందో ఎవరూ వాదించనక్కర్లేదు.

మందు కూడా అంత సూటిగానే ఉంది. ఒక ప్యాకెట్ దారి నుంచి బయటికి వెళ్లాకే కొత్త ప్యాకెట్ లోపలికి రావాలి. బయటికి వెళ్లిందని తెలిపేది రశీదే కాబట్టి రశీదుల రాకే పంపకానికి లయ ఇస్తుంది. దారి ఇరుకైతే రశీదులు నిదానంగా వస్తాయి, పంపకమూ దానంతట అదే నిదానిస్తుంది. మరి మొట్టమొదట, ఇంకా ఒక్క రశీదూ రాని క్షణంలో ఎలా? ఒకే ఒక్క ప్యాకెట్‌తో మొదలుపెట్టాలి. దాని రశీదు వస్తే రెండు, ఆ రెండింటివీ వస్తే నాలుగు, తర్వాత ఎనిమిది. ఏదైనా ప్యాకెట్ పోతే దారి నిండిందని గ్రహించి వెనక్కి తగ్గాలి; సగం దగ్గర నుంచి ఒక్కొక్కటిగా, ఆచితూచి పెంచుకుంటూ పోవాలి. పంపేవాడి వైపు స్లో స్టార్ట్‌కు కావలసింది ఒక కొత్త చరరాశి, మూడు వరుసల కోడు. గడియారాన్ని కూడా దారిలోని ఒడుదొడుకులకు తగ్గట్టు సరిదిద్దారు. 1988లో బర్క్లీ యూనిక్స్ కొత్త విడుదలతో పాటు ఇదంతా ప్రపంచమంతా పాకింది. సగానికి తగ్గి, ఒక్కొక్కటిగా పెరిగే పద్ధతిలో ఎవరికి వారే నడుచుకున్నా చివరికి అందరికీ సమాన వాటా దక్కుతుందని దామింగ్ చూ, రాజ్ జైన్ 1989లో గణితంతో చూపించారు.

దీన్ని అమలు చేయించే పోలీసు ఎవరూ లేరు. దారి మధ్యలోని రౌటరు ఎవరినీ ఇంతే పంపమని ఆదేశించదు. పంపే యంత్రమే, ఎదుట ఎవరున్నారో తెలియకపోయినా, తనంతట తాను తగ్గుతుంది. ఇన్ని కోట్ల యంత్రాలు ఒకే దారిని పంచుకోగలగడం ఈ స్వీయ నిగ్రహం చలవే. మనిషి చేసిన యంత్రాల్లో ఇంతటి మర్యాద నేర్చినవి అరుదు.

తర్వాత వెబ్ వచ్చింది. స్లో స్టార్ట్‌ను ఊహించింది పెద్ద ఫైళ్ల కోసం. పెద్ద ఫైలుకు మొదటి కొన్ని క్షణాల నిదానం లెక్కలోకి రాదు. వెబ్ పేజీ అలా కాదు, అది చిన్నచిన్న ముక్కల సంచి. వేగం అందుకునేలోపే పని అయిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. లక్ష బైట్ల పేజీ అంటే, ప్యాకెట్‌కు 1,460 బైట్ల చొప్పున 69 ప్యాకెట్లు. ఒకటితో మొదలై రెట్టింపవుతూ పోతే ఆరు విడతల్లో 63 మాత్రమే చేరతాయి, ఏడో విడత తప్పదు. సర్వరు అమెరికా తూర్పు తీరంలో, చదివేవారు హైదరాబాదులో ఉంటే సుమారు 13,000 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి వేగం సెకనుకు దాదాపు 2,00,000 కిలోమీటర్లు. కాబట్టి తీగను తిన్నగా వేసినా ఒక రాకపోకకు 130 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్రాల కింద తీగలు తిన్నగా ఉండవు; 250 అనుకోండి. ఏడు విడతలకు పావు తక్కువ రెండు సెకన్లు. ఈ లెక్కలో మీ కనెక్షన్ ఎన్ని మెగాబిట్లన్న ప్రశ్నే రాలేదు. నిదానమైన సైటుకు మందుగా చాలామంది ఖరీదైన ప్లాన్ కొంటారు. ఆ డబ్బు తరచుగా వృథా. గూగుల్‌లో ఉండగా మైక్ బెల్షే 2010లో కొలిచి చెప్పింది ఇదే: 5 మెగాబిట్ల కనెక్షన్‌ను 10కి పెంచితే పేజీ తెరుచుకునే సమయం తగ్గింది 5 శాతమే.

అదే ఏడాది గూగుల్ నుంచే మరో పత్రం వచ్చింది. మొదటి రచయిత్రి నందితా దుక్కిపాటి. దారులు వెడల్పయ్యాయి కాబట్టి మొదటి విడతలోనే పది ప్యాకెట్లు పంపవచ్చని ఆ బృందం వాదించింది. నిజమైన వాడకందారుల మీద కొలిస్తే జవాబు అందే సగటు సమయం సుమారు 10 శాతం తగ్గింది. 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6928గా అది ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లో ప్రయోగాత్మకంగా చేరింది. మన లెక్కలోని పేజీకి ఇప్పుడు పది, ఇరవై, నలభై. మూడు విడతల్లో ముగుస్తుంది. అందుకే వెబ్ పనివాళ్లు పేజీలో ముందు కనిపించాల్సిన భాగాన్ని 14 కిలోబైట్లలో సర్దమంటారు. మొదటి పది ప్యాకెట్లలో పట్టేది అంతే.

ఒక సైటు నిదానంగా ఉందంటే జాకబ్సన్ చేసినట్టే ముందు చూడాలి. కంప్యూటరు బ్రౌజరులో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ పట్టీ తెరిస్తే ప్రతి ముక్కా ఎప్పుడు బయలుదేరి ఎప్పుడు చేరిందో గీతలుగా కనిపిస్తుంది. మొదటి బైటు కోసమే సెకన్లు గడుస్తుంటే, పింగ్ అనే పనిముట్టు చూపే రాకపోక సమయం మాత్రం తక్కువే ఉంటే, సర్వరు లోపల ఆలస్యం జరుగుతోంది. చాలాసార్లు డేటాబేస్‌ను పదేపదే అడిగే ప్రోగ్రాము దొరుకుతుంది. సిద్ధం చేసిన పేజీని దాచిపెట్టి ఇస్తే నయమవుతుంది. రాకపోక సమయమే ఎక్కువైతే అది చాలావరకు దూరం వల్లే. చదివేవారికి దగ్గర్లోని సర్వర్లలో నకలు ఉంచడం తప్ప దారి లేదు. మొదటి బైటు త్వరగా వచ్చి మిగిలినది సాగుతుంటే బరువు ఎక్కువన్నమాట; తగ్గించని ఫొటోలే సాధారణంగా దోషులు. ఇక పేజీలోకి ప్రకటన ఒక సర్వరు నుంచి, అక్షరాల ఫాంటు మరో సర్వరు నుంచి వస్తుంటే, ప్రతి కొత్త సర్వరుతోనూ కనెక్షన్ కుదుర్చుకునే పలకరింపు, సమాచారాన్ని రహస్యంగా ఉంచే తాళంచెవుల మార్పిడి మొదటి నుంచి జరగాలి. స్లో స్టార్ట్ కూడా మళ్లీ మొదటికే. ఈ దుబారాను ఎందుకో చాలామంది పట్టించుకోరు.

పింగ్‌ను మైక్ మూస్ 1983 డిసెంబరులో, అమెరికా సైన్యం వారి బాలిస్టిక్ ప్రయోగశాలలో నెట్‌వర్క్ తిక్కగా ప్రవర్తిస్తుంటే కారణం వెతకడానికి రాశాడు. ప్యాకెట్ ఏయే రౌటర్ల మీదుగా వెళుతోందో చూపే ట్రేస్‌రూట్ జాకబ్సన్‌దే. తీగ మీది ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌లోనూ ఆయన చేయి ఉంది. నేటికీ ప్రపంచమంతా వాడుతున్న పనిముట్లివి.

దారి నిండితే ప్యాకెట్ పోతుందన్న స్లో స్టార్ట్ నమ్మకానికి పెద్ద దెబ్బ చవక మెమరీ వల్ల తగిలింది. రౌటర్లలో, మోడెముల్లో ప్యాకెట్లను దాచే చోటు విపరీతంగా పెరిగింది. చోటున్నంత కాలం ప్యాకెట్ పోదు. పోనంత కాలం పంపేవాడు పెంచుకుంటూనే ఉంటాడు. బారు మాత్రం సెకన్ల పొడవుకు చేరుతుంది. 2010లో జిమ్ గెటీస్ తన ఇంటి కనెక్షన్‌లోనే దీన్ని పట్టుకుని ‘బఫర్‌బ్లోట్’ అని పేరు పెట్టాడు. ఇంట్లో ఒకరు వీడియో అప్‌లోడ్ చేస్తుంటే మరొకరి పేజీ కదలకపోవడానికి తరచు కారణం ఇదే. అప్‌లోడ్ నడుస్తుండగా పింగ్ చేస్తే తేలిపోతుంది. దీనికి విరుగుడుగా కేథలీన్ నికల్స్‌తో కలిసి జాకబ్సన్ 2012లో కోడెల్ అనే పద్ధతిని ప్రచురించాడు. ప్యాకెట్ పోయేదాకా ఆగకుండా దారి వెడల్పునూ రాకపోక సమయాన్నీ కొలుచుకుంటూ నడిచే బీబీఆర్ 2016లో గూగుల్ నుంచి వచ్చినప్పుడు ఆ రచయితల్లోనూ ఆయన ఉన్నాడు. తన పాత మందులోని కొరతను తానే దిద్దుతూ వచ్చాడు.

వెబ్ పేజీలను తెచ్చే పద్ధతుల్లో 2022లో ప్రమాణమైన హెచ్‌టీటీపీ/3 టీసీపీనే పక్కనపెట్టి క్విక్ అనే కొత్త పద్ధతి మీద నడుస్తోంది. పలకరింపూ తాళంచెవుల మార్పిడీ ఒకే రాకపోకలో ముగించేస్తుంది. దాని రద్దీ నియంత్రణను వివరించే ఆర్‌ఎఫ్‌సీ 9002 మాత్రం ఇప్పటికీ మొదటి విడతకు పది ప్యాకెట్లు, రశీదులను బట్టి పెంపు, ప్యాకెట్ పోతే సగానికి కోత అనే చెబుతోంది.